ఊరూ పేరూ లేని బేరగాడు

వరంగల్లు నుండి ఖమ్మానికి పోయే బాట మీద తొర్రూరు ఒక వర్తకపు ఊరు. 2016 వరకు వరంగల్లు జిల్లాలో ఉండి, జిల్లాల పునర్విభజనతో మహబూబాబాదు జిల్లాలో చేరిన ఈ పట్టణానికి చుట్టుపట్ల పల్లెల నుండి వడ్లు వస్తవి, ప్రత్తి వస్తుంది, మక్కలు వస్తవి. పాల్కురికి సోమనాథునిదని, బమ్మెర పోతనదని చెప్పుకొనే ఊళ్ళు రెండూ ఇక్కడికి పొరుగుననే ఉన్నవి. కావ్యాల గాలి సోకిన నేల అయినా, బ్రతుకు మాత్రం బేరం మీదనే నడుస్తుంది. ఆ బేరానికి ఒక పద్ధతి ఉన్నది. మార్కెట్టు యార్డులో కుప్ప పోసిన రైతును అడ్తిదారు ఎరుగును. కొన్న వర్తకుని అడ్తిదారు ఎరుగును. కాంటా పెట్టిన దడువాయి ఇద్దరినీ ఎరుగును. తూకం ముగిసిన తరువాత రైతు చేతికి తక్‌పట్టీ వస్తుంది. ఆ చిన్న కాయితం మీద పేరుంటుంది, తూకముంటుంది, ధర ఉంటుంది. ఎన్ని లోపాలున్నా, ఆ బేరంలో ఊరూ పేరూ లేని మనిషి ఒక్కడూ ఉండడు.

ఇప్పుడు ఆ ఊరిలోనే మరొక అంగడి తెరుచుకొన్నది. దానికి గోడలు లేవు, కాంటా లేదు, అడ్తిదారు లేడు. అది చేతిలోని ఫోనులో ఉన్నది. పాత మోటారు సైకిలు, లాప్‌టాప్, కెమెరా, వీణ, ఇత్తడి సామాను, తాతల నాటి నాణెం - ఏది అమ్మదలచినా ఒక ఛాయాచిత్రం తీసి, ధర వ్రాసి పెట్టితే చాలును. గంట తిరుగకుండ కొనేవాడు పలుకుతాడు. అతడు ఎక్కడివాడో తెలియదు. ముఖం కనబడదు. అతని పేరిట ఉన్న ఖాతా నిన్నో మొన్నో, ఒక్కొక్కప్పుడు ఆ ఉదయమే తెరిచినది. విలువైన వస్తువును అట్టివానికి అమ్మవచ్చునా, కూడదా? ప్రశ్న చిన్నదిగానే కనబడుతుంది. కాని దీని వెనుక, అపరిచితుని సమాజం ఏ ఆధారం మీద నమ్మవలెనన్న పెద్ద ప్రశ్న ఉన్నది.

అమ్మేవాని అవసరం

ఒక సందర్భం ఊహించవచ్చును. తొర్రూరులో ఒక ఉపాధ్యాయుడున్నాడు. కుమార్తె వరంగల్లులో చదువుతున్నది. కళాశాల రుసుము కట్టడానికి సోమవారం వరకే గడువు. ఇంట్లో ఒకనాడు ముచ్చటపడి కొన్న మంచి కెమెరా ఉన్నది. ఊరిలోని దుకాణదారు 12,000 రూపాయలకు మించి పలుకలేదు. ఫోనులోని అంగడిలో అట్టివే 30,000 రూపాయలకు పోతున్నవి. ఆయన ఛాయాచిత్రం పెట్టినాడు.

ఆయన ఫోనును ఆశ్రయించడానికి ధర ఒక్కటే కారణం కాదు. చిన్న పట్టణంలో ఇంటి వస్తువు అమ్ముకోవడం నలుగురి నోట పడే మాట. "సారుకు ఏమి ఇబ్బంది వచ్చిందో" అని చాయ్ దుకాణం దగ్గర ఒకరు, "బిడ్డ పెండ్లి కుదిరిందేమో" అని మరొకరు అనుకొంటారు. ఊరికి తెలియకుండ అమ్ముకోవలెనన్న కోరిక మర్యాదస్థునికి సహజం. చిక్కు ఇక్కడనే ఉన్నది. తన పేరు బయటపడకూడదని చాటున అమ్మేవానికి, తన పేరు ఎన్నటికీ బయటపడకూడదని చాటున కొనేవాడు సులువుగా దొరుకుతాడు. అభిమానం కొద్దీ ఆయన దూరం చేసికొన్న ఆ నలుగురే, బేరం చెడిననాడు సాక్షులుగా నిలువవలసినవారు.

కొనేవాడు పలికినాడు. "సార్, వస్తువు బాగున్నది. ధర తగ్గించమని అడుగను" అన్నాడు. బేరమాడని బేరగాడు తెలుగునేల మీద అరుదు. అనుమానించవలసిన మొదటి గుర్తు అదే. తాను సైన్యంలో ఉద్యోగినని, బదిలీ మీద పోతున్నానని చెప్పి గుర్తింపు కార్డు ఛాయాచిత్రం పంపినాడు. "మీ బ్యాంకు ఖాతా సరియైనదో కాదో చూడడానికి మొదట 10 రూపాయలు పంపుతున్నాను" అన్నాడు. పది రూపాయలు నిజంగానే వచ్చినవి. నమ్మకం కుదిరినది. తరువాత నలుపు తెలుపు గళ్ళ చతురం ఒకటి వచ్చినది. క్యూఆర్ కోడ్ అంటే అదే. దానికి ఫోను చూపి పిన్ కొట్టితే సొమ్ము జమ అవుతుందన్నాడు. ఆయన కొట్టినాడు. జమ కావలసిన 30,000 రూపాయలు ఖర్చు పద్దులో పడినవి.

ఈ ఉపాధ్యాయుడు ఊహలోనివాడు. ఈ మోసం మాత్రం ఊహ కాదు. సైనికుల వేషం వేసికొని పాత వస్తువుల బేరాలలో దిగే ముఠాలను గురించి మన రాష్ట్రపు పోలీసులు, ఇతర రాష్ట్రాల పోలీసులు పలుమార్లు హెచ్చరించినారు. 2021 ఫిబ్రవరిలో ఢిల్లీలో అప్పటి ముఖ్యమంత్రి ఇంటివారే ఒక పాత సోఫాను ఈ విధంగా అమ్మకానికి పెట్టి, మొదట స్వల్ప మొత్తం పంపి నమ్మించిన బేరగాని చేతిలో 34,000 రూపాయలు పోగొట్టుకొన్నారు. చదువు లేనివారే మోసపోతారన్న అభిప్రాయం పొరపాటని చూపడానికి వేరే నిదర్శనం అక్కరలేదు.

మోసానికి నాలుగు మార్గాలు

ఈ మోసాలలోని కిటుకును విడదీసి చూస్తే అవి ప్రధానంగా నాలుగు మార్గాలలో నడుస్తున్నవి.

మొదటిది పైన చెప్పినది. 2016 లో మొదలైన యూపీఐ పద్ధతిలో పిన్ అన్నది తన ఖాతా నుండి సొమ్ము పోవడానికి ఇచ్చే అనుమతి. సొమ్ము రావడానికి పిన్‌తో పని లేదు. ఇంటికి వచ్చినవానికి తలుపు తీయడానికి తాళంచెవి కావలెను గాని, వాడు తెచ్చిన పండ్లను చేత అందుకోవడానికి తాళంచెవి ఎందుకు? ఈ ఒక్క సూత్రం తెలిసి ఉంటే ఈ మార్గం మూసుకొనిపోతుంది.

రెండవది దొంగ రసీదు. సొమ్ము పంపినట్లు కనబడే తెర బొమ్మనో, బ్యాంకు నుండి వచ్చినట్లు భ్రమింపజేసే సందేశాన్నో చూపి, వస్తువు చేతికి తీసికొని పోవడం. "పొరపాటున ఎక్కువ పంపినాను, మిగిలినది తిరిగి పంపండి" అనడం దీనికే కొసరు. సందేశం వేరు, జమ వేరు. అమ్మినవాడు తన బ్యాంకు ఖాతాను స్వయంగా తెరిచి చూచుకొన్నప్పుడు కనబడే నిల్వయే నిజమైన జమ.

మూడవది రుసుము పేరిట సాగేది. పాత నాణేలకు, పాత నోట్లకు లక్షలు ఇస్తామని ఆశ చూపి, ముందుగా పన్ను కట్టమని, దస్తావేజు ఖర్చు కట్టమని రాబట్టడం. రిజర్వు బ్యాంకు పేరును, చిహ్నాన్ని కూడ ఇందుకు వాడుకోవడం వలన, 2021 ఆగస్టు 4 న ఆ బ్యాంకు ఒక ప్రకటన చేయవలసి వచ్చినది. ఇట్టి క్రయవిక్రయాలతో తనకు సంబంధం లేదని, ఎట్టి రుసుమునూ కమీషనునూ తాను కోరనని అందులో స్పష్టం చేసినది. అమ్మేవాడు సొమ్ము పుచ్చుకోవలెను గాని ఇవ్వవలసిన పని లేదన్న ధర్మం తెలిసినవానికి ఈ వల తగులదు.

నాలుగవది అన్నిటికంటె సూక్ష్మమైనది. ఇందులో సొమ్ము నిజంగానే జమ అవుతుంది, వస్తువు వెళ్ళిపోతుంది. అమ్మినవాడు సంతోషిస్తాడు. కాని ఆ సొమ్ము మరెక్కడో మరొక అమాయకుని మోసగించి తెచ్చినది. ఆ బాధితుడు ఫిర్యాదు చేసినపుడు సొమ్ము నడచిన జాడ వెంట విచారణ వస్తుంది. పోలీసుల సూచన మీద బ్యాంకు ఆ మొత్తాన్ని, ఒక్కొక్కప్పుడు ఖాతానే నిలిపివేయవచ్చును. వస్తువు పోయి, సొమ్ము చిక్కుపడి, పైగా తాను దొంగను కానని నిరూపించుకోవలసిన దుఃస్థితి అమ్మినవానికి కలుగుతుంది. కొత్త ఖాతా వెనుక ఎవరున్నారో తెలియకపోవడం వలన కలిగే కీడులో ఇదే అతి దారుణం.

ఖాతా అన్న మాట

"ఖాతా" అన్న మాట మన ఊళ్ళకు కొత్తది కాదు. షావుకారు దుకాణంలో ఎర్ర అట్ట పుస్తకం ఉండేది. అందులో ఒక్కొక్క ఇంటికి ఒక పుట. ఎవరు ఎప్పుడు ఎంత తీసికొన్నారు, పంట వచ్చిన తరువాత ఎంత కట్టినారు, ఏ ఏడు వానలు లేక బాకీ నిలిచినది - ఇదంతా ఆ పుటలో ఉండేది. ఖాతా అంటే ఒక మనిషి నడవడికి వ్రాసిపెట్టిన చరిత్ర. "అతనికి మా దగ్గర ఖాతా ఉన్నది" అని షావుకారు అనడమంటే, అతనిని మేము ఎరుగుదుమని అర్థం.

ఫోనులోని అంగడి ఈ మాటను తీసికొని అర్థాన్ని వదలిపెట్టినది. అక్కడ ఖాతా తెరవడానికి రెండు నిమిషాలు చాలును. పుట ఉన్నది, పద్దు లేదు. పేరున్నది, ఆ పేరు గలవాడు ఉన్నాడో లేడో తెలియదు. నిన్నటి పేరు చెడిపోతే నేడు మరొక పేరు. కొత్త ఖాతా చెడ్డదని దీని భావం కాదు. దాని వలన తెలిసేది ఏమీ లేదని మాత్రమే భావం.

1995 లో అమెరికాలో పియేర్ ఒమిడ్యార్ స్థాపించిన వేలం అంగడి, తరువాత ఈబే అని ప్రసిద్ధి పొందినది, ఈ కొరతను ముందుగానే గుర్తించినది. బేరం ముగిసిన తరువాత ఒకరిని గురించి ఒకరు మంచిచెడ్డలు వ్రాసే ఏర్పాటును 1996 లో తెచ్చినది. షావుకారు పుటకు అది యంత్రయుగపు ప్రతిరూపం. కాని 2008 లో, కొనేవారిని గురించి అమ్మేవారు చెడు వ్రాయడానికి వీలులేకుండ ఆ నియమాన్ని మార్చినది. చెడు వ్రాస్తారన్న భయంతో కొనేవారు నిజం చెప్పలేకపోతున్నారన్నది అందుకు కారణం. కొనేవారికి అది మేలే. కాని అప్పటి నుండి కొనేవాని పుటలో, అతడు ఎన్ని బేరాలు చేసినాడన్నది కనబడుతుంది గాని, ఎట్లు చేసినాడన్నది కనబడదు.

ఎరిక్ ఫ్రీడ్‌మన్, పాల్ రెస్నిక్ అనే ఇద్దరు పండితులు 2001 లో ప్రచురించిన వ్యాసంలో ఈ విషయాన్నే తర్కించినారు. పేరు మార్చుకోవడం ఖర్చు లేని పని అయినచోట, చెడ్డవాడు పేరు చెడగానే కొత్తవాడుగా మళ్ళీ వస్తాడు. కనుక కొత్తవారందరినీ అనుమానించక తప్పదు. ఆ అనుమానపు భారాన్ని మోసేవారు నిజంగా కొత్తగా వచ్చిన మంచివారు. దొంగ చేసిన అప్పును దొర తీర్చినట్లన్నమాట. మొదటిసారి ఫోను కొనుక్కొని, పోటీ పరీక్షల పుస్తకాలకో, పాత లాప్‌టాప్‌కో వెదుకుతున్న పల్లెటూరి విద్యార్థి కూడ ఆ అంగడిలో కొత్త ఖాతాయే. అతని ముఖం మీద తలుపు వేయడం న్యాయం కాదు. కనుక "కొత్తవారికి అమ్మవద్దు" అన్న సలహా సులువైనది గాని సరియైనది కాదు.

సుంకం పుచ్చుకొన్నవాని అభయం

కొత్తవాని సమస్య ఈనాటిది కాదు. ఓరుగల్లును ఏలిన కాకతి గణపతిదేవుడు 1244 ప్రాంతంలో మోటుపల్లి రేవులో ఒక శాసనం వేయించినాడు. దానికి అభయశాసనమని పేరు. తుఫానుకు చెదరి ఒడ్డుకు కొట్టుకొని వచ్చిన ఓడలలోని సరకును పూర్వపు పాలకులు బలవంతంగా లాగుకొనేవారు. తాను అట్లు చేయనని, నియమితమైన సుంకం మాత్రమే తీసికొని తక్కినది వర్తకులకే విడిచిపెడతానని దేశదేశాల ఓడబేహారులకు ఆ రాజు మాట ఇచ్చినాడు. సుంకం ముప్పదవ వంతని అందులో నిర్ణయించినాడు.

ఈ శాసనంలో గ్రహింపవలసిన నీతి ఒకటి ఉన్నది. ఆ రేవుకు వచ్చిన విదేశీయుడు కొత్తవాడే. అతని భాష తెలియదు, ఊరు తెలియదు. అయినా బేరం సాగినది. కారణం, సుంకం పుచ్చుకొన్నవాడు అభయం కూడ ఇచ్చినాడు. సొమ్ముకు, పూచీకి ముడి పడినది. ఆ ముడి తరువాతి కాలంలోనూ పూర్తిగా తెగిపోలేదు. 1966 నాటి వ్యవసాయ మార్కెట్ల చట్టం ప్రకారం మార్కెట్టు కమిటీ రుసుము వసూలు చేస్తుంది. దానికి బదులుగా కొనే వర్తకునికి లైసెన్సు ఉండవలెనని పట్టుపడుతుంది. నిన్ననే వ్యాపారం మొదలుపెట్టినవాడైనా యార్డులోకి లైసెన్సు లేక దిగడానికి వీలులేదు. అతడు కొత్తవాడు కావచ్చును గాని అనామకుడు కాడు. కొత్తదనానికీ అనామకత్వానికీ గల ఈ భేదమే సమస్తానికీ మూలం.

ఫోనులోని అంగడి నడిపే సంస్థలు ప్రకటనల మూలంగానో, రుసుముల మూలంగానో ఆదాయం పొందుతున్నవి. అది నేటి సుంకం. మరి అభయం ఎక్కడ? 2000 నాటి సమాచార సాంకేతిక చట్టంలోని 79వ సెక్షన్, తగిన జాగ్రత్తలు పాటించిన మధ్యవర్తి సంస్థకు ఇతరుల చేతలకు బాధ్యత లేకుండ రక్షణ ఇస్తున్నది. వినియోగదారుల రక్షణకై 2020 లో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనలు ఉన్నవి; అవి ముఖ్యంగా కొనేవాని పక్షాన నిలిచినవి. పైగా, వృత్తిగా గాక వ్యక్తిగతంగా ఏదో ఒక వస్తువు అమ్ముకొనేవాని పనికి అవి వర్తించవని అందులోనే ఉన్నది. అనగా, కుమార్తె రుసుముకై కెమెరా అమ్మే ఉపాధ్యాయుడు ఆ గొడుగు క్రిందికి రాడు.

సంస్థల పక్షాన ఒక వాదం లేకపోలేదు. ప్రతివానినీ గుర్తింపు పత్రాలు అడిగితే బేరాలు తగ్గిపోతవని, ప్రజల వివరాలు కుప్పపడి వాటికే మరొక ప్రమాదం వస్తుందని వారంటారు. ఇది త్రోసిపుచ్చదగిన మాట కాదు. కాని పది రూపాయల పుస్తకానికి, ముప్పదివేల కెమెరాకు ఒకే కొలత పెట్టనక్కరలేదు. విలువ పెరిగినకొద్దీ పూచీ పెరగడం లోకరీతి. విలువైన వస్తువు విషయంలో సొమ్మును సంస్థయే మధ్యస్థంగా నిలిపి ఉంచి, వస్తువు అందిన తరువాత అమ్మినవానికి ముట్టజెప్పే ఏర్పాటు కొన్నిచోట్ల ఇప్పటికే ఉన్నది. తలచుకొంటే వ్యవస్థలు సర్దుకోగలవనడానికి యూపీఐలోనే ఉదాహరణ ఉన్నది. ఒక వ్యక్తి మరొక వ్యక్తికి "సొమ్ము పంపు" అని కోరిక పంపే వీలు మోసాలకు దారితీస్తున్నదని గ్రహించి, జాతీయ చెల్లింపుల సంస్థ 2025 అక్టోబరు నుండి ఆ వీలును తొలగించినది. ప్రజలను జాగ్రత్తగా ఉండమని వేయిసార్లు చెప్పడం కంటె, ఒక గుంటను పూడ్చడం మేలు.

న్యాయస్థానాలలో పాత కథలు

పెద్దవాని పేరు చెప్పి విలువైన వస్తువు కాజేయడం ఫోనులకు ముందే ఉన్నది. 1918 లో లండనులో ఒకడు నగల దుకాణానికి వచ్చి, తాను సర్ జార్జి బల్లో అనే సంపన్నుడనని చెప్పి ముత్యాలు, ఉంగరం ఏరుకొన్నాడు. దుకాణదారు చిరునామాల పుస్తకం తెరిచి చూచినాడు. ఆ పేరు, ఆ చిరునామా నిజంగానే ఉన్నవి. మరునాడు భార్య పుట్టినరోజని చెప్పి అతడు చెక్కు వ్రాసి ఇచ్చి ఉంగరం పట్టుకొనిపోయినాడు. చెక్కు చెల్లలేదు, ఉంగరం అప్పటికే తాకట్టు దుకాణం చేరినది. తాకట్టు పట్టినవాడు మంచి మనస్సుతో పట్టినాడు కనుక, ఉంగరాన్ని నగల దుకాణదారుకు తిరిగి ఇప్పించడం కుదరదని 1919 లో న్యాయస్థానం తీర్పు చెప్పినది.

మరొక వ్యవహారంలో పోగొట్టుకొన్నవాడు విద్యార్థి. బ్రిస్టల్ నగరంలో రసాయన శాస్త్రం చదివే యువకుడొకడు పత్రికా ప్రకటన ఇచ్చి తన చిన్న కారును 450 పౌన్లకు అమ్మజూపినాడు. వచ్చినవాడు తాను రాబిన్‌హుడ్ పాత్ర ధరించిన ప్రసిద్ధ నటుడనన్నాడు. చిత్రనిర్మాణశాల వారి ప్రవేశపత్రం ఛాయాచిత్రంతో సహా చూపినాడు. చెక్కు దొంగ చెక్కు. కారును అతని వద్ద కొన్నవాడు మరొక విద్యార్థి. నష్టం ఇద్దరు అమాయకులలో ఎవరు భరించవలెనన్న ప్రశ్నకు 1971 లో డెన్నింగ్ ప్రభువు తదితర న్యాయమూర్తులు, అమ్మిన విద్యార్థియే భరించవలెనని తేల్చినారు. వస్తువును చేజేతులా ఇచ్చి మోసానికి అవకాశం కల్పించినవాడు అతడేనని వారి ఆలోచన.

రెండు కథలలోనూ అమ్మినవారు నిర్లక్ష్యంగా లేరు. ఇద్దరూ మనిషిని పరీక్షించినారు. ఒకరు పుస్తకం చూచినారు, మరొకరు పత్రం చూచినారు. పుస్తకంలోని పేరు నిజం, పత్రం మీది బొమ్మ నిజంవలె ఉన్నది. ఎదుట నిలిచినవాడే అబద్ధం. సైనికుని గుర్తింపు కార్డు పంపే నేటి బేరగాడు వారి వంశంలోనివాడే. మనిషిని పరీక్షించి మోసం తప్పించుకోవచ్చుననే నమ్మకమే వారిని దెబ్బ తీసినది.

మన చట్టం చూపే దారి వేరు. 1930 నాటి వస్తువిక్రయ చట్టంలోని 32వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు, వస్తువు అప్పగించడం, ధర చెల్లించడం ఏకకాలంలో జరగవలసిన పనులు. ఒక చేత ఇచ్చి ఒక చేత పుచ్చుకోవడమన్న అంగడి మర్యాదనే చట్టం తన భాషలో చెప్పినది. అదే చట్టంలోని 29వ సెక్షన్ మరొక హెచ్చరిక చేస్తుంది. మోసంతో కొన్నవాడు, ఆ ఒప్పందాన్ని అమ్మినవాడు రద్దు చేయకముందే, వస్తువును మూడవవానికి అమ్మివేస్తే, మోసం ఎరుగక కొన్న ఆ మూడవవానికి హక్కు నిలుస్తుంది. కనుక మోసం తెలిసిన తరువాత ఊరకున్న ప్రతి గంటా అమ్మినవాని హక్కును తగ్గిస్తుంది. మారువేషంతో కంప్యూటరు మూలంగా చేసిన మోసానికి సమాచార సాంకేతిక చట్టం 66-డి సెక్షన్ మూడేండ్ల వరకు ఖైదు, లక్ష రూపాయల వరకు జరిమానా విధిస్తున్నది. శిక్ష ఉన్నది, కాని శిక్షింపబడవలసినవాని ఊరూ పేరూ దొరకవలెను.

చేయదగిన పని

ఇంతకూ కొత్త ఖాతా కలవానికి విలువైన వస్తువు అమ్మవచ్చునా? అమ్మవచ్చును, అయితే మనిషి మీది నమ్మకంతో కాక, బేరం మీది కట్టుబాటుతో అమ్మవలె. సొమ్ము తన ఖాతాలో జమ అయినట్లు స్వయంగా చూచుకొననిదే వస్తువు చేయి దాటకూడదు. పుచ్చుకోవలసినవాడు ఎక్కడా పిన్ కొట్టకూడదు, ఎవరికీ రుసుము కట్టకూడదు. చేతి నుండి చేతికి ఇవ్వగలిగిన చోట పగటివేళ, బ్యాంకు ఆవరణ వంటి చోట, తోడుగా ఒకరిని పెట్టుకొని ఇవ్వవలె. సొమ్ము పంపిన ఖాతాదారుని పేరు, వచ్చిన మనిషి పేరు ఒకటేనా అని చూడవలె. మూడవవాని ఖాతా నుండి వచ్చిన సొమ్మును ఒప్పుకోకూడదు. వస్తువు అంకెతో, తేదీతో ఒక చిన్న కాయితం వ్రాసి ఇరువురూ సంతకం చేయవలె. యార్డులో రైతుకు తక్‌పట్టీ ఎట్టిదో, ఇంటి వస్తువు అమ్మినవానికి ఆ కాయితం అట్టిది. రేపు విచారణ వచ్చినా నిలబడి చూపగలిగినది అదే.

ఈ కట్టుబాట్లు పాత ఖాతాకైనా, కొత్త ఖాతాకైనా ఒకటే కావలె. అప్పుడు నిజాయితీపరుడైన కొత్తవానికి అవమానం లేదు. అతడు సంతోషంగా ఒప్పుకొంటాడు. తొందర పెట్టేవాడు, కోపం తెచ్చుకొనేవాడు, "నన్నే అనుమానిస్తారా" అనేవాడు తనంత తాను తప్పుకొంటాడు. జల్లెడ పట్టితే గింజకు నష్టం లేదు.

పాఠశాలలకు ఇందులో పని ఉన్నది. చిన్నయసూరి నీతిచంద్రికలో బంగారు కడియం చూపి బాటసారిని పిలిచిన ముసలిపులి కథ తెలియని తెలుగు విద్యార్థి ఉండడు. ఆ కథలో కడియం పట్టుకొన్నవాడు మోసగాడు, చేయి చాచినవాడు మోసపోయినవాడు. నేటి కథలో పాత్రలు తారుమారైనవి. కడియం పట్టుకొని నిలుచున్నవాడు మోసపోతున్నాడు, చేయి చాచిన బాటసారి పులి అవుతున్నాడు. ఆశ ఒక్కటే అపాయానికి కారణమని పాఠం చెప్పి ఊరకుంటే చాలదు. అవసరం కూడ అపాయమేనని, గడువు దగ్గరపడినవాని మీదనే వల పడుతుందని చెప్పవలె. ఇంట్లో ఫోనును పెద్దల కంటె బాగా నడపగలవారు పిల్లలే. పిన్ ఎప్పుడు కొట్టవలెనో, ఎప్పుడు కూడదో ఒక పీరియడులో నేర్చుకొన్న బాలిక, ఆ సాయంత్రమే తండ్రికి నేర్పగలదు.

మోసం జరిగిన పక్షంలో 1930 అన్న ఫోను సంఖ్యకు వెంటనే చెప్పవలె. వస్తువిక్రయ చట్టం పుట్టిన సంవత్సరమూ 1930 కావడం కాకతాళీయమే అయినా, గుర్తుంచుకోవడానికి అక్కరకు వస్తుంది. ఎంత త్వరగా చెప్పితే, సొమ్ము చేతులు మారకముందే బ్యాంకులలో నిలిపివేయడానికి అంత అవకాశం. ఇట్టి నేరాల కోసమే తెలంగాణలో 2023 నుండి సైబర్ భద్రతా బ్యూరో పనిచేస్తున్నది. కాని చాలమంది ఆ మొదటి గంటలను సిగ్గుతో పోగొట్టుకొంటున్నారు. చదువుకొన్నవాడనై మోసపోయినానని చెప్పుకోవడం ఎట్లాగని ఉపాధ్యాయుడు మౌనం వహిస్తే, ఆ మౌనం మోసగాని చేతిలో రెండవ ఆయుధం అవుతుంది. మరునాడు ప్రక్క వీధిలో మరొక ఇంటి మీద అదే వల పడుతుంది.

అమ్ముకోవడంలో సిగ్గు లేదు. బిడ్డ చదువుకై కెమెరా అమ్మిన తండ్రిని చూచి నవ్వే ఊరు ఉంటే, సిగ్గుపడవలసినది ఆ ఊరు. మోసపోవడంలోనూ సిగ్గు లేదు. మోసగించినవానికే అది ఉండవలె. ఈ రెండు సిగ్గులనూ తొలగించుకొన్ననాడు అమ్మేవాడు చాటు విడిచి బయటికి వస్తాడు. పొరుగువానికి చెప్పి అమ్ముతాడు, స్నేహితుని తోడు తీసికొని అప్పగిస్తాడు, దెబ్బ తగిలితే నలుగురికీ చెప్పుకొంటాడు. ఊరూ పేరూ లేని బేరగానికి ఎదురుగా నిలువగలిగినది, ఊరూ పేరూ గల ఆ నలుగురే.